నారింజ నుంచి ఆకుపచ్చకు...

మన కాలి చెప్పు వానకు తడిసినా కుళ్లకుండా ఉండటానికి ఓ లోహం కారణం. పాలారు ఒడ్డున బావినీళ్లు తాగడానికి పనికిరాకుండా పోవడానికీ అదే కారణం. ఒకచోట మేలు, ఇంకోచోట కీడు చేసే ఆ లోహం పేరు క్రోమియం. తేడా ఎక్కడుందో తెలియాలంటే దాని లవణాల రంగు చూస్తే చాలు!

ఇంటర్మీడియట్లో సైన్సు గ్రూపు తీసుకున్నవారిని కదిలించి చూడండి. సిలబస్సంతా మర్చిపోయినా సరే, 'క్రోమైల్ క్లోరైడ్ పరీక్ష' మాత్రం గుర్తుందంటారు. పరీక్షనాళికలో పేరు తెలియని తెల్లటి లవణం. దానికి కాసిని నారింజరంగు పలుకులు, పైన గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం. వేడి తగలగానే గుప్పుమని ఎర్రటి ఆవిర్లు. వాటిని సోడియం హైడ్రాక్సైడ్‌లోకి పంపితే పసుపు ద్రావణం. ఎసిటిక్ ఆమ్లం, లెడ్ ఎసిటేట్ కలిపితే పచ్చటి పసుపుకొమ్ము లాంటి అవక్షేపం. 'క్లోరైడ్ ఉంది' అని రికార్డులో రాసేసి హమ్మయ్య అనుకోవడమే.

ఆ నారింజ పలుకులే పొటాషియం డైక్రోమేట్. క్రోమియం లవణాల్లో విద్యార్థులకు బాగా తెలిసిన ముఖం అది. అదే ప్రయోగశాలలో దాని మరో వేషమూ చూసే ఉంటారు. డైక్రోమేట్ ద్రావణంలో ముంచిన కాగితాన్ని సల్ఫర్ డయాక్సైడ్ వాయువుకు చూపిస్తే నారింజ రంగు పోయి ఆకుపచ్చ రంగు తేలుతుంది. మార్కులకోసం అప్పట్లో బట్టీపట్టిన ఆ రంగుమార్పులోనే ఈ లోహం కథంతా ఉంది.

మూడు... ఆరు!

ముందు 'లవణం' అంటే ఏంటో చూద్దాం. వంటింట్లో ఉప్పు ఒక్కటే కాదు, ధనావేశమున్న భాగం, రుణావేశమున్న భాగం జతకట్టిన ఏ పదార్థమైనా రసాయనశాస్త్రంలో లవణమే. క్రోమియం ప్రత్యేకత ఏంటంటే, ఈ జంటలో ఎటువైపైనా చేరగలదు. క్రోమియం సల్ఫేట్‌లో అది ధనావేశమున్న భాగం. తనవి మూడు ఎలక్ట్రాన్లు వదులుకుని ఉంటుంది. దీన్ని క్రోమియం-3 అంటారు. రంగు ఆకుపచ్చ, కొన్నిసార్లు ఊదా. డైక్రోమేట్‌లోనో? ఆక్సిజన్ పరమాణువులతో కలిసి రుణావేశమున్న గుంపులోకి చేరిపోతుంది. లెక్కప్రకారం ఆరు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్నట్టు. అందుకే అది క్రోమియం-6. రంగు పసుపు లేదా నారింజ.

ఆరు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్నది ఊరుకుంటుందా! ఎదురైన ప్రతిదాన్నుంచీ మూడు ఎలక్ట్రాన్లు లాక్కుని క్రోమియం-3గా స్థిరపడాలని చూస్తుంది. చక్కెర, సారా, కాగితం, తోలు, మన ఒంట్లోని కణం... దానికి తేడా లేదు. ఈ లాక్కునే గుణమే పరిశ్రమలకు పనికొచ్చింది, అదే మనుషుల ప్రాణాలమీదికి తెచ్చింది.

సైబీరియా ఎర్రరాయి

ఈ లోహం బయటపడిందీ రంగువల్లే. రష్యాలో ఉరల్ పర్వతాల దగ్గరి బెరెజోవ్‌స్క్ గనుల్లో 18వ శతాబ్దంలో మెరిసే ఎర్రటి రాయి ఒకటి దొరికింది. దాన్ని 'సైబీరియా ఎర్ర సీసం' అనేవారు. నూరితే అందమైన పసుపు, నారింజ రంగు పొడి వచ్చేది. యూరప్ చిత్రకారులు దానికోసం ఎగబడ్డారు. అందులో సీసం కాక ఇంకేదో ఉందని అనుమానించి తేల్చినవాడు ఫ్రాన్స్‌కు చెందిన లూయీ నికొలా వోక్లాఁ. కూలి కుటుంబంలో పుట్టి, మందుల దుకాణంలో సహాయకుడిగా జీవితం మొదలుపెట్టి రసాయనశాస్త్రవేత్తగా ఎదిగిన మనిషి. 1797లో ఆ రాయిలో కొత్త మూలకం ఉందని గుర్తించాడు. మరుసటి ఏడాది బొగ్గుతో కలిపి కాల్చి లోహాన్ని వేరుచేశాడు. దానితో చేసిన ప్రతి లవణానికీ ఒక్కో రంగు రావడంతో, రంగు అనే అర్థమున్న గ్రీకు మాట 'క్రోమా' నుంచి దానికి క్రోమియం అని పేరొచ్చింది. పచ్చ రాయిని పరీక్షిస్తే అందులోనూ అదే కనిపించింది. కెంపు ఎరుపు, మరకతం ఆకుపచ్చ... రెంటికీ కారణం ఆ రాళ్లలో కొద్దిపాటిగా ఇరుక్కున్న క్రోమియం-3 అంటే నమ్మబుద్ధి కాదు. చుట్టూ ఉన్న పరమాణువుల అమరికను బట్టి రంగు మారిందంతే.

ఆ తర్వాత సీసంతో కలిపిన క్రోమేట్ లవణం 'క్రోమ్ ఎల్లో' పేరుతో రంగుల డబ్బాల్లోకి ఎక్కింది. వాన్‌గో 1888లో వేసిన పొద్దుతిరుగుడు పూలకు ఆ పసుపు దీన్నుంచి వచ్చిందే. అతని చిత్రాల్లో ఆ పసుపు కొన్నిచోట్ల గోధుమరంగులోకి దిగిపోవడం చూసి 2011లో యూరప్ పరిశోధకులు ఎక్స్-కిరణాలతో పరీక్షించారు. ఏం తేలిందో ఊహించగలరా? వెలుతురు తగిలి పైపొరలోని క్రోమియం-6 కొంత క్రోమియం-3గా మారిపోయిందట. మన కాలేజీ కాగితం నిమిషంలో చేసిన పనిని వాన్‌గో చిత్రం దశాబ్దాలపాటు తీరిగ్గా చేసిందన్నమాట. అమెరికాలో స్కూలు బస్సులకు 1939లో ఒకే రంగు నిర్ణయించినప్పుడు దానికి పెట్టిన పేరు కూడా 'నేషనల్ స్కూల్ బస్ క్రోమ్'. లోకమంతా బడి బస్సంటే పసుపని అనుకోవడానికి అది నాంది.

కొలిమిలో పుట్టే విషం

ప్రకృతిలో క్రోమియం ప్రధానంగా క్రోమైట్ అనే నల్లటి ఖనిజంగా దొరుకుతుంది. మనదేశంలోని నిల్వల్లో 95 శాతానికి పైగా ఒడిశాలోనే ఉన్నాయి, అవీ ఎక్కువగా జాజ్‌పూర్ జిల్లా సుకిందా లోయలో. మన దగ్గర కొండపల్లి అనగానే బొమ్మలే గుర్తొస్తాయి కానీ, ఆ కొండల్లోనూ క్రోమైట్ ఉంది.

క్రోమైట్‌లో ఉన్నది క్రోమియం-3. అది నీళ్లలో కరగదు, ఆమ్లాలకూ తేలిగ్గా లొంగదు. మరి లవణం చేసేదెలా? ఖనిజాన్ని పొడిచేసి సోడాబూడిదతో కలిపి, గాలి ధారాళంగా తగిలేలా సుమారు 1100 డిగ్రీల వేడిలో వేయిస్తారు. అప్పుడది క్రోమియం-6గా మారి సోడియం క్రోమేట్ రూపంలో నీళ్లలోకి దిగుతుంది. పసుప్పచ్చటి ఆ ద్రావణాన్ని వడగట్టి సల్ఫ్యూరిక్ ఆమ్లం చేరిస్తే నారింజరంగు సోడియం డైక్రోమేట్. పరిశ్రమలోని మిగతా క్రోమియం రసాయనాలన్నిటికీ తల్లి అదే.

తోళ్ల పరిశ్రమకు కావాల్సిందేమో ఆకుపచ్చది, అంటే క్రోమియం-3. అందుకని డైక్రోమేట్‌ను మళ్లీ వెనక్కి మార్చాలి. దానికి వాడేదేంటో తెలుసా... చక్కెర ఫ్యాక్టరీల్లో మిగిలే మొలాసిస్! ఆమ్లం కలిపిన నారింజ ద్రావణంలో మొలాసిస్ పోస్తుంటే కుతకుతలాడుతూ ముదురాకుపచ్చగా మారుతుంది. సల్ఫర్ డయాక్సైడ్‌తో చేసే పద్ధతీ ఉంది. ఆరబెట్టిన ఆకుపచ్చ పొడి పేరు బేసిక్ క్రోమియం సల్ఫేట్. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే విష్ణు కెమికల్స్ వంటి సంస్థలు తయారుచేసేవి ఇవే.

అంటే చూడండి, ప్రకృతి మూడుగా ఇచ్చినదాన్ని మనం ఆరుగా మార్చి, మళ్లీ మూడుగా తెచ్చుకుంటున్నాం. బూటు తొడుక్కునే మనిషికి తగిలేది చివరి మూడు. గనిలో దొరికేది మొదటి మూడు. మధ్యలోని ఆరు మాత్రం ఫ్యాక్టరీలో, దాని వెనక పెరట్లో, ఆ పక్క ఊరి బావిలో ఉంటుంది. క్రోమియం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు సూటి జవాబు దొరకకపోవడానికి కారణం ఇదే. ఆ దారిలో మనం ఎక్కడున్నామన్నదాన్ని బట్టే జవాబు ఉంటుంది.

తంగేడు చెక్క పోయి...

పచ్చితోలును అలాగే వదిలేస్తే కుళ్లిపోతుంది, ఎండబెడితే చెక్కలా బిగుసుకుపోతుంది. దాన్ని మెత్తగా, మన్నికగా మార్చడమే చర్మశుద్ధి. మన ఊళ్లలో తరతరాలుగా ఆ పని చేసింది మాదిగ వృత్తిదారులు. ఊరి చివర లందల్లో తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ నానబెట్టిన నీళ్లలో తోళ్లు ఊరేసేవారు. వారాల తరబడి తిప్పుతూ ఉండాలి. బతుకమ్మలో పేర్చే తంగేడు పూలచెట్టు బెరడే చెప్పులకూ, మోట బొక్కెనల తోళ్లకూ ప్రాణం పోసిందన్నమాట. ఈ విద్యను రసాయనశాస్త్రంగా గుర్తించడానికి లోకానికి చాలాకాలం పట్టింది. చేసినవాళ్లకు మర్యాద దక్కడానికి అంతకన్నా ఎక్కువే పట్టింది.

క్రోమియంతో శుద్ధి చేయొచ్చని జర్మనీలో ఫ్రెడరిక్ క్నాప్ 1858లోనే చూపించాడు. 1884లో అమెరికాలో ఆగస్టస్ షుల్జ్ పేటెంటు తీసుకున్నాక అది వ్యాపారంగా మారింది. 20వ శతాబ్ది మొదట్లో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంజినీరు దాన్ని మద్రాసులో ప్రవేశపెట్టాడు. వారాలు పట్టే పని ఒక్కరోజులోకి వచ్చేసింది. ఇప్పుడు ప్రపంచంలో తయారయ్యే తోలులో 80 శాతానికి పైగా క్రోమ్‌తో శుద్ధి చేసిందే.

ఎందుకంత మోజు? తోలులో ఉండేది కొలాజెన్ అనే ప్రొటీన్. పేనిన తాళ్లలా ఉంటాయి దాని పోగులు. తడి, వేడి తగిలితే ఆ పేట విడిపోతుంది. పచ్చితోలును 65 డిగ్రీల నీళ్లలో వేస్తే ముడుచుకుపోతుంది. క్రోమియం-3 ఆ పోగుల మధ్య దూరి, అటు ఒకదాన్నీ ఇటు ఒకదాన్నీ పట్టుకుని ముడి వేస్తుంది. ఇక ఆ తాళ్లు జారవు. క్రోమ్ తోలును మరిగే నీళ్లలో వేసినా ముడుచుకోదు. టానరీల్లో ఇప్పటికీ చేసే పరీక్ష ఇదే. చిన్నముక్క కత్తిరించి మరిగే నీళ్లలో రెండు మూడు నిమిషాలుంచి, ముందూ వెనకా కొలుస్తారు. కొలత తగ్గకపోతే తోలు 'ఉడికినట్టే'! శుద్ధి అయిన తోలు లేత నీలిరంగులో ఉంటుంది. 'వెట్ బ్లూ' అనేది దాన్నే. ఆ తర్వాతే నలుపో గోధుమరంగో అద్దుతారు. పాత చెప్పు తెగినచోట అంచు చూడండి, కొన్నింటిలో ఆ నీలిచాయ ఇంకా కనిపిస్తుంది.

తోలు అనగానే తెలుగువారికి గుర్తుకురావాల్సిన పేరు యలవర్తి నాయుడమ్మ. తెనాలి దగ్గర యలవర్రులో 1922లో రైతు కుటుంబంలో పుట్టారు. అప్పటికి చదువుకున్నవాళ్లు ముక్కు మూసుకుని తప్పుకునే రంగాన్ని కావాలని ఎంచుకున్నారు. మద్రాసులో 1948లో ఏర్పడ్డ కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థకు 1958లో డైరెక్టరై, 1971 దాకా నడిపించి ప్రపంచస్థాయి సంస్థగా నిలబెట్టారు. ఆ తర్వాత దేశంలోని శాస్త్ర పరిశోధన సంస్థలన్నిటికీ పైనుండే సీఎస్ఐఆర్‌కు అధిపతి అయ్యారు. 1985 జూన్ 23న ఐర్లండ్ తీరంలో పేల్చివేతకు గురైన 'కనిష్క' విమానంలో ఆయన కూడా ఉన్నారు.

ఆ దశాబ్దాల్లోనే మరో మలుపు. పచ్చితోళ్లూ, సగం శుద్ధిచేసిన తోళ్లూ విదేశాలకు అమ్ముకునే బదులు పూర్తయిన తోలును, చెప్పులను ఎగుమతి చేయాలని 1970ల ఆరంభంలో కేంద్రం విధానం మార్చింది. మంచి నిర్ణయమే. ఆంబూరు, వాణియంబాడి, రాణిపేటల్లో వేలాదిమందికి పని దొరికింది. కానీ తంగేడు చెక్కతో నడిచిన టానరీలు కూడా క్రోమ్‌కు మళ్లాయి. మామూలు పద్ధతిలో డ్రమ్ములో వేసిన క్రోమియంలో మూడోవంతు దాకా తోలుకు పట్టకుండా నీళ్లలోనే మిగిలిపోతుంది. ఆ నీళ్లు ఎక్కడికి పోతాయని అప్పట్లో పెద్దగా ఎవరూ అడగలేదు.

శుభలేఖలోనూ క్రోమియమే

తోలు కథ ముగించేముందు చిన్న పిట్టకథ. ఊళ్లో స్క్రీన్ ప్రింటింగ్ దుకాణాల్లో శుభలేఖలు ఎలా అచ్చేసేవారో చూశారా? జెలటిన్ లాంటి జిగురులో 'బైక్రోమేట్' కలిపి తెరకు పూసి, చీకట్లో ఆరబెట్టి, పైన అక్షరాలున్న ఫిల్ము పెట్టి ఎండకో దీపానికో చూపేవారు. వెలుతురు తగిలినచోట జిగురు గట్టిపడుతుంది, తగలనిచోట నీళ్లకు కడుక్కుపోతుంది. ఆ కడుక్కుపోయిన సందుల్లోంచే సిరా దిగి 'శ్రీరస్తు' అని అచ్చవుతుంది. డైక్రోమేట్‌కు వెలుతురు అంటే పడదని స్కాట్లండ్‌వాడైన ముంగో పాంటన్ 1839లో కనిపెట్టాడు. లోపల జరిగేదేంటంటే... వెలుగుకు క్రోమియం-6 కాస్తా క్రోమియం-3 అవుతుంది. అది జెలటిన్ పోగుల్ని ముడేస్తుంది. జెలటిన్ అంటే మరేంటో కాదు, ఉడికించిన కొలాజెన్! అంటే తెరమీద జరిగింది కూడా చర్మశుద్ధే.

తాగి బండి నడిపేవారిని పట్టే యంత్రంలోనూ ఇదే సూత్రం. అమెరికాలో రాబర్ట్ బోర్కెన్‌స్టైన్ 1954లో చేసిన బ్రెత్‌ఎనలైజర్‌లో ఊదిన గాలి ఆమ్లం కలిపిన డైక్రోమేట్ గుండా పోయేది. గాలిలో సారా ఉంటే నారింజ తగ్గి ఆకుపచ్చ పెరుగుతుంది. ఎంత మారితే అంత తాగినట్టు. ఇప్పటి యంత్రాల్లో ఎక్కువగా ఫ్యూయల్ సెల్ వాడుతున్నారు. మురుగునీరు ఎంత కలుషితమైందో కొలిచే 'సీఓడీ' పరీక్షలో మాత్రం పొటాషియం డైక్రోమేటే ప్రామాణికం. కాలుష్యాన్ని కొలవడానికి మరో కాలుష్యాన్ని వాడాల్సి రావడం విచిత్రమే.

దొడ్డిదారిన లోపలికి

క్రోమియం-6 అంత ప్రమాదకరం ఎందుకు? మన కణాలకు సల్ఫేట్ అవసరం. దాన్ని లోపలికి తీసుకునే ద్వారాలు కణం గోడలో ఉంటాయి. క్రోమేట్ ఆకారం అచ్చు సల్ఫేట్‌లాగే ఉంటుంది. ద్వారం మోసపోతుంది. లోపలికి వెళ్లాక అది తన పాత అలవాటు ప్రకారం ఎలక్ట్రాన్లు లాక్కుంటూ క్రోమియం-3గా మారుతుంది. ఆ తోపులాటలో దెబ్బతినేది డీఎన్ఏ. క్రోమియం-3 బయటినుంచి వస్తే ఆ ద్వారంలో పట్టదు, అందుకే దానివల్ల ఇంత ముప్పులేదు.

ఈ సంగతులన్నీ తెలియకముందే కార్మికుల ముక్కులు సాక్ష్యం చెప్పాయి. క్రోమేట్ ఫ్యాక్టరీల్లో దుమ్ము పీల్చినవారికి రెండు ముక్కురంధ్రాల మధ్య గోడకు చిల్లులు పడేవి. చేతులమీద మానని పుండ్లు. స్కాట్లండ్‌లో ఓ క్రోమ్ రంగుల కార్మికుడికి ముక్కులో క్యాన్సర్ వచ్చినట్టు 1890లోనే వైద్యులు నమోదుచేశారు. పీల్చిన క్రోమియం-6 ఊపిరితిత్తుల క్యాన్సర్ తెస్తుందన్నది ఇప్పుడు నిర్ధారణ అయిన విషయం.

మంచినీళ్లలో కలిస్తే ఏమవుతుందన్న చర్చ అమెరికాలో హింక్లీ అనే పల్లెతో లోకానికెక్కింది. కాలిఫోర్నియాలోని ఆ ఊరి దగ్గర గ్యాస్ సరఫరా కేంద్రంలో 1952 నుంచి 1966 దాకా తుప్పు పట్టకుండా క్రోమియం-6 కలిపిన నీళ్లు వాడి, అడుగున ఏ రక్షణా లేని గుంతల్లోకి వదిలేశారు. అది బావుల్లోకి దిగింది. ఆరువందల మందికి పైగా బాధితులకు 1996లో ఆ కంపెనీ 33.3 కోట్ల డాలర్లు చెల్లించాల్సి వచ్చింది. ఆ కేసుకోసం ఇల్లిల్లూ తిరిగిన గుమాస్తా ఎరిన్ బ్రాకోవిచ్ కథే 2000లో సినిమాగా వచ్చి జూలియా రాబర్ట్స్‌కు ఆస్కార్ తెచ్చిపెట్టింది.

పాలారు ఒడ్డున

మనకు బాగా దగ్గర్లోనే మరో హింక్లీ ఉంది. సినిమా తీయలేదంతే. కర్ణాటకలో పుట్టి, మన కుప్పం ప్రాంతాన్ని తాకుతూ తమిళనాడులోకి దిగే పాలారు పక్కన, చిత్తూరుకు ఎంతో దూరం లేని రాణిపేట. అక్కడ తమిళనాడు క్రోమేట్స్ అండ్ కెమికల్స్ అనే ఫ్యాక్టరీ 1970ల మధ్యలో మొదలై, రెండు దశాబ్దాలపాటు సోడియం క్రోమేట్, బేసిక్ క్రోమియం సల్ఫేట్ తయారుచేసి 1990ల మధ్యలో మూతపడింది. ఖనిజాన్ని వేయించి, క్రోమేట్‌ను కడిగి తీసుకున్నాక మిగిలిన పిప్పినంతా ఆవరణలోనే గుట్టపోసింది. ఎంత కడిగినా పిప్పిలో కొంత క్రోమియం-6 ఉండిపోతుంది. ఆ గుట్ట రెండు లక్షల టన్నుల పైమాటేనని అంచనా. వాన పడినప్పుడల్లా పసుపునీళ్లు ఊరి నేలలోకి ఇంకాయి. ప్రపంచంలో అత్యంత కలుషితమైన పది ప్రదేశాలంటూ అమెరికాకు చెందిన బ్లాక్‌స్మిత్ ఇన్‌స్టిట్యూట్ 2006లో ప్రకటించిన జాబితాలో రాణిపేట ఉంది. మరుసటి ఏడాది జాబితాలో సుకిందా చేరింది. ఫ్యాక్టరీ మూతపడి పాతికేళ్లు గడిచేనాటికి కూడా గుట్ట అక్కడే ఉంది. మూతపడ్డ కంపెనీ చెత్తను ఎవరి ఖర్చుతో ఎత్తాలన్న ప్రశ్న దగ్గరే ఏళ్లు దొర్లిపోయాయి.

టానరీల సంగతి వేరుగా కోర్టుకెక్కింది. వెల్లూరు పౌర సంక్షేమ వేదిక వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 ఆగస్టు 28న ఇచ్చిన తీర్పు దేశ పర్యావరణ చట్టానికే మైలురాయి. కలుషితం చేసినవాడే నష్టం భరించాలన్న సూత్రం మన చట్టంలో భాగమని తేల్చిచెప్పింది అందులోనే. టానరీకి పదివేల రూపాయల చొప్పున జరిమానా కూడా వేసింది. ఉమ్మడి శుద్ధి కేంద్రాలూ వచ్చాయి. అయినా కథ కంచికి చేరలేదు. 2015 జనవరి 31 తెల్లవారుజామున రాణిపేటలో అలాంటి ఓ కేంద్రం బురద తొట్టి గోడ కూలి, పక్క టానరీలో నిద్రపోతున్న పదిమంది కార్మికులు చనిపోయారు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు మళ్లీ ఇదే పాలారు గురించి తీర్పు ఇవ్వాల్సి వచ్చింది. బాధితులకు ప్రభుత్వం ముందు పరిహారం చెల్లించి, ఆ సొమ్మును కాలుష్యకారుల నుంచి రాబట్టాలని ఆదేశించింది.

అన్నభేదీ చాలు

బాధేంటంటే, క్రోమియం-6కు విరుగుడు దొరకనిదేం కాదు. అన్నభేదీ... పూర్వం సిరా తయారీకి వాడిన లేతాకుపచ్చ ఇనుప లవణం. దాన్ని కలిపితే క్రోమియం-6 కాస్తా క్రోమియం-3 అయిపోతుంది. పైన సున్నం వేస్తే అది కరగని మడ్డిగా అడుగుకు దిగుతుంది. ఇంటర్ విద్యార్థి కూడా సమీకరణం రాయగలిగినంత సులువు. లక్షల టన్నుల గుట్టకూ, దాని కింది నేలకూ, ఆ కింది నీటికీ చేయాలంటేనే డబ్బూ, ఓపికా కావాలి. తోళ్ల విషయంలోనూ అంతే. వాడిన నీళ్లలోంచి క్రోమియాన్ని మెగ్నీషియం ఆక్సైడ్‌తో దించి తిరిగి వాడే పద్ధతిని, నీళ్లే అవసరంలేని క్రోమ్ శుద్ధి పద్ధతిని చెన్నై సంస్థ శాస్త్రవేత్తలు రూపొందించారు.

అన్నభేదీ మహిమ సిమెంటులోనూ కనిపించింది. సిమెంటు ముడిసరుకులో ఉండే రవ్వంత క్రోమియం, బట్టీ వేడికి ఆరుగా మారుతుంది. ఏళ్లతరబడి తడి సిమెంటులో చేతులు పెట్టే తాపీమేస్త్రీలకు దురద, పగుళ్లతో వచ్చే మొండి చర్మవ్యాధికి ఇదో ముఖ్య కారణం. ఐరోపా దేశాలు 2005 నుంచి సిమెంటులో కరిగే క్రోమియం-6 పది లక్షల వంతుల్లో రెండు వంతులు మించకూడదని నిబంధన పెట్టాయి. కంపెనీలు చేసిందల్లా సిమెంటులో కాస్త ఇనుప సల్ఫేటు కలపడం. మన ఇంటిపనికి వచ్చే మేస్త్రీకి, కూలీలకు రబ్బరు తొడుగులు కొనివ్వడం పెద్ద ఖర్చేం కాదు.

ఇంట్లో మాటేంటి?

తోలు చెప్పులు, బెల్టులు వాడటానికి భయపడాల్సిన పనిలేదు, వాటిలో ఉన్నది క్రోమియం-3. క్రోమియం పడనివారికి మాత్రం దద్దురు రావచ్చు. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. పాత చెప్పులు, తోలు ముక్కలు చలిమంటలోనో పొయ్యిలోనో వేయకండి. గాలి, వేడి కలిస్తే మూడు మళ్లీ ఆరయ్యే అవకాశముంది. స్టీలు గిన్నెల్లోనూ క్రోమియం ఉంటుంది కానీ అది లోహరూపంలో ఉండి, తుప్పు పట్టకుండా పైన పలచని పొర కడుతుంది, అంతే. ఇక షుగరు తగ్గుతుందంటూ అమ్మే క్రోమియం బిళ్లల సంగతి. శరీరానికి క్రోమియం తప్పనిసరి అనడానికి నమ్మదగిన ఆధారం లేదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2014లో తేల్చింది. డాక్టరు చెప్పకుండా కొనకపోవడమే నయం. తాగేనీటిలో మొత్తం క్రోమియం లీటరుకు 0.05 మిల్లీగ్రాములు మించకూడదన్నది మన భారతీయ ప్రమాణాల సంస్థ నిబంధన. పరిశ్రమల పక్కన బోరునీళ్లు తాగేవారు ఏడాదికోసారైనా పరీక్ష చేయించుకుంటే మంచిది.

అన్నిటికన్నా వంటింటికి దగ్గరైన ప్రమాదం పసుపులో ఉంది. వన్నె తగ్గిన కొమ్ములు మెరిసేందుకు కొందరు పూసేది వాన్‌గో వాడిన ఆ క్రోమ్ ఎల్లోనే, అంటే సీసం, క్రోమియం-6 రెండూ కలిసిన లెడ్ క్రోమేట్. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. బంగ్లాదేశ్‌లో గర్భిణుల రక్తంలో సీసం ఎక్కడినుంచి వస్తోందని ఆరా తీసిన పరిశోధకులకు దొరికిన జవాబు ఇదే. 2019లో అక్కడి మార్కెట్లలో తీసిన పసుపు నమూనాల్లో 47 శాతం కల్తీవే. ప్రభుత్వం దుకాణాలమీద దాడులు చేసింది, జరిమానాలు వేసింది, ఊరూరా ప్రచారం చేసింది. 2021 నాటికి కల్తీ నమూనా ఒక్కటీ దొరకలేదు.

నిజామాబాద్, దుగ్గిరాల మార్కెట్లున్న మనకు మంచి పసుపు ఎలా ఉంటుందో ఒకరు చెప్పక్కర్లేదు. అయినా అనుమానం వస్తే మన ఆహార భద్రతా సంస్థ చెప్పిన తేలికైన పరీక్ష ఒకటుంది. గాజుగ్లాసు నిండా నీళ్లు తీసుకుని అర చెంచా పసుపు వేసి కదపకుండా ఉంచండి. మంచి పసుపైతే అడుగుకు దిగుతూ నీళ్లకు లేత పసుపు రంగే ఇస్తుంది. కల్తీదైతే నీళ్లు చిక్కటి పసుపు రంగులోకి మారతాయి.